ఇచ్చిన మాట శిలాక్షరము కావలెను
(కలహపీడిత దేశములకు మనము చేయు సహాయమును గూర్చి బహిరంగ లేఖ)

వాడరేవు,
బాపట్ల జిల్లా.

భారత ప్రభుత్వ విదేశాంగ మంత్రిత్వశాఖలోని
అభివృద్ధి భాగస్వామ్య విభాగాధికారులకు—

ఆర్యులారా,

చీరాలకు అనతిదూరమున, బంగాళాఖాతపు టొడ్డున నున్న వాడరేవు అను జాలరి గ్రామమున నివసించు ఒక సామాన్య పౌరుడను. నాకు పదవి లేదు, విదేశ వ్యవహారములలో అధికారమును లేదు. ఐనను మీకు బహిరంగముగా ఈ లేఖ వ్రాయుటకు హక్కు కలదని నమ్ముచున్నాను. 2012 జనవరి మాసమున మీ విభాగ మేర్పడినది మొదలు, ఈ దేశము ఇతర దేశములకు చేయు అభివృద్ధి సహాయమును రూపొందించుట, నడిపించుట, సరిచూచుట మీ కర్తవ్యమైనది. ఆ సహాయమునకు వెచ్చించు ధనము గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు మోయు హమాలీ కొనిన వస్తువు మీది పన్నునుండియు, మా రేవున గంపనెత్తి ఊరూర చేపలమ్ము స్త్రీ కొనిన సబ్బుబిళ్ళ మీది పన్నునుండియు కూడ పోగగుచున్నది. ఇచ్చువారిలో వారును భాగస్వాములే గనుక, ఇచ్చు పద్ధతిని గూర్చి వారి పక్షమున ఒకడు మాటాడుట అపరాధము కాదు.

యుద్ధముచేతనో అంతఃకలహముచేతనో ఛిద్రమై, ప్రభుత్వమునకు ప్రజలయందును, ప్రజలకు ప్రభుత్వమునందును, ప్రజలకు తమలో తమకును విశ్వాసము నశించిన దేశములకు చేయు సహాయమును గూర్చియే నేను ముఖ్యముగా వ్రాయుచున్నాను. నేను చెప్పదలచినది ఒక్కటే. అట్టి దేశములకు మన మిచ్చునది దయాధర్మముగా గాక హామీగా నుండవలెను; ఆ హామీ అందరు చదువుకొనునట్లు వ్రాతలో నుండవలెను, కలహమున ఏ పక్షమువారికైనను సమముగా వర్తింపవలెను, మన చిత్తవృత్తులు మారినను తాను మారకుండవలెను, దానిని కార్యరూపమున పెట్టు అధికారము పుచ్చుకొను కుటుంబముల చేతిలో నుండవలెను.

ఈ భావము నాకు ఏ విదేశీయ గ్రంథమునుండియు లభింపలేదు. మా ఊరికి దక్షిణమున ఇదే తీరమున మోటుపల్లి కలదు. పదుమూడవ శతాబ్దమున దూరదేశముల ఓడలు వచ్చి నిలిచిన రేవు అది; మార్కో పోలో తన యాత్రావృత్తాంతమున పేర్కొనిన రేవు. అచ్చట కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166లో, అనగా క్రీ.శ. 1244 ప్రాంతమున, ఒక అభయశాసనమును స్తంభముపై చెక్కించెను. తుపాను వాతబడి దారితప్పి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండగా, తాను మాత్రము నియతమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపనని ఆ చక్రవర్తి సముద్రవర్తకుల కెల్లరకు మాట ఇచ్చెను. ఆ శాసనమున మూడు గుణములు నన్ను ఎల్లప్పుడును ఆకర్షించును. ఆపదలో నున్నవాడు ఏ ద్వీపమువాడు, ఏ మతమువాడు అను ప్రశ్న అందులో లేదు. ఇచ్చిన మాట రాజాంతఃపురమున గాక రేవున, దానితో అవసరము గలవాని కన్నులయెదుట నిలిచినది. అన్నింటికి మించి, ఆ శాసనము అన్యుల చేతులను గాక రాజు చేతినే మొదట బంధించినది. పీడితునకు ధైర్యము కలిగించునది బలవంతుని కరుణ కాదు, బలవంతుడు తనకు తాను విధించుకొనిన నియమము. నిన్నటి కరుణ రేపు ఉండునో ఉండదో ఎవ్వరు చెప్పగలరు?

ఇక మా తరమువారు కన్నులార చూచిన ఆపదకు వత్తును. 2004 డిసెంబరు 26వ తేది, ఆదివారము, సుమత్రా దీవి సమీపమున సముద్రగర్భము కంపించి లేచిన అల ఆ ఉదయముననే అనేక దేశముల తీరములను తాకినది. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా మరణించిరి. నావలును, వలలును, వానిపై ఆధారపడిన బ్రతుకులును కొట్టుకొనిపోయినవి. తమిళనాట మృతులసంఖ్య వేలకు చేరినది. శ్రీలంకలో ముప్పది వేలకు మించిన ప్రాణములును, ఇండొనీషియాలోని ఆచే రాష్ట్రమున లక్షన్నరకు మించిన ప్రాణములును పోయినవి. ఆ సమయమున మన ప్రభుత్వము తక్షణ సహాయమును అన్య ప్రభుత్వములనుండి స్వీకరింప నిరాకరించి, స్వతీరమున శవములు తీయుచుండగనే శ్రీలంకకు ‘ఆపరేషన్ రెయిన్‌బో’ పేరను, మాల్దీవులకు ‘ఆపరేషన్ కాస్టర్’ పేరను, ఇండొనీషియాకు ‘ఆపరేషన్ గంభీర్’ పేరను నౌకలను పంపెను. పుచ్చుకొను దేశముగానే లోకమెరిగిన భారతము ఇచ్చు దేశముగా నిలిచిన ఆ ఘట్టమును తలచినప్పుడు నాకు నేటికిని గర్వము కలుగును.

కాని ఒకే అల మూడు తీరములను తాకినను, ఆ పిదప జరిగిన చరిత్ర ఒకటి కాలేదు. మా తీరమున కలహము లేదు. శ్రీలంక ఉత్తర పూర్వభాగములందును, ఆచేయందును దశాబ్దుల కలహము కలదు. అచ్చట ఒక ఊరిలో అల కూల్చిన ఇల్లు కలదు, దానికి కొంతదూరమున ఫిరంగి కూల్చిన ఇల్లును కలదు. లోకమంతటినుండియు వెల్లువయై వచ్చిన ధనము మొదటి ఇంటిని లేపినది. రెండవ ఇంటివారు ఏండ్ల తరబడి శిబిరములలో చూచుచు కూర్చుండిరి. సునామీ బాధితుల కొరకని సేకరించిన సొమ్మును యుద్ధబాధితులకు వెచ్చించుటకు నిబంధన లొప్పుకొనలేదు. ఆచేలో తీరగ్రామములకు పక్కా ఇండ్లు వచ్చుచుండగా, లోపలి కొండప్రాంతములందు పోరాటమున ఇల్లు వాకిలి కోల్పోయినవారికి దక్కినది స్వల్పము. శ్రీలంకలో సముద్రమునకు చేరువ ఇండ్లు కట్టరాదని గీచిన గీత దక్షిణ పశ్చిమములందు నూరు మీటర్లు, ఉత్తర పూర్వములందు రెండువందల మీటర్లు. పర్యాటక నిర్మాణములకు మాత్రము సడలింపులుండెను. జాలరి సముద్రమునకు దూరమైనచో ఏమగునో వాడరేవువారికి వివరించి చెప్పవలసిన పని లేదు. సహాయము పేరిట వచ్చిన నియమమే ఒక వర్గమునకు శిక్షగాను, మరియొక వర్గమునకు వరముగాను కనబడునప్పుడు, ఆరిపోవుచున్న పగను అది మరల రాజేయును.

ధనము తక్కువైనందున ఈ లోపము కలుగలేదు. వివిధ దేశముల సహాయసంస్థలు కలిసి జరిపించి 2006లో ప్రకటించిన సమీక్ష ప్రకారము, సునామీ బాధితునకు తలకు సగటున ఏడువేల డాలర్లకు పైగా సమకూరగా, అదే 2004లో వరదపాలైన బంగ్లాదేశీయునకు తలకు మూడు డాలర్లు మాత్రమే వ్యయమైనవి. లోకపు దృష్టి పడినచోట ధనము పొంగి పొరలినది, పడనిచోట ఎండిపోయినది. మా మెట్టపొలములలో మిరపనారు నాటినవాడెరుగును, ఎండిన మడికన్న నీరు నిలిచిన మడి ముందుగా చచ్చునని. శ్రీలంకలో కొన్ని తావులందు పోయినవానికన్న ఎక్కువ పడవలు పంచబడినవి, వానిలో కొన్ని సముద్రమునకు పనికిరానివి. వేటకు పోవువాడెవడో, పడవ పట్టినవాడెవడో విచారించుటకు దాతలకు తీరిక లేకపోయెను. తొలిగంటలలో ప్రాణములు కాపాడినవారు స్థానికులే యనియు, తరువాత వచ్చినవారు ఆ స్థానికులను ప్రక్కకు నెట్టిరనియు ఆ సమీక్షయే చెప్పినది.

శ్రీలంక కథలో మరియొక అధ్యాయమును మీరు మరువరాదు. 2002 ఫిబ్రవరిలో నార్వే మధ్యవర్తిత్వమున ప్రభుత్వమునకును తిరుగుబాటుదారులైన తమిళ పులులకును నడుమ కాల్పుల విరమణ కుదిరినది. 2003 జూన్‌లో టోక్యోలో సమావేశమైన దాతలు 450 కోట్ల డాలర్లు ఇత్తుమని వాగ్దానము చేసిరి. కాని ఆ వాగ్దానమును శాంతిచర్చల పురోగతికి ముడిపెట్టిరి. తమిళ పులులు ఆ సభకే రాలేదు. కోట్ల డాలర్ల ఆశ చూపినచో ఆయుధములు దిగునని తలచిన మేధావులు, ఆయుధము పట్టినవాని లెక్క వేరనియు, ఆ ముడివలన నష్టపోవునది ఆయుధము పట్టని తల్లియనియు గ్రహింపలేదు. సునామీ పిమ్మట ప్రభుత్వమును పులులును కలిసి సహాయమును పంచుటకై ఒక ఉమ్మడి వ్యవస్థకు 2005 జూన్ 24న సంతకములు చేసినప్పుడు, సంధి చిగురించునను ఆశ కలిగినది. ఆ ఏర్పాటును నిరసించి ఒక పక్షము ప్రభుత్వమునుండి తొలగినది. అంపార జిల్లాలో అందరికన్న అధికముగా నష్టపోయిన ముస్లిములు ఒడంబడికలో తమకు చోటు లేదని ఆక్రోశించిరి. జూలై 15న సర్వోన్నత న్యాయస్థానము ముఖ్యనిబంధనలను నిలిపివేసెను. మరుసటి యేటికి యుద్ధము మరల చెలరేగెను.

అదే 2005 ఆగస్టు 15న హెల్సింకీ నగరమున ఇండొనీషియా ప్రభుత్వమును ఆచే తిరుగుబాటుదారులును సంధి చేసికొనిరి. 1976 నుండి సాగిన పోరాట మాగినది. కావున సునామీయే ఒకచోట శాంతిని, మరియొకచోట యుద్ధమును తెచ్చినదని కొందరు వ్రాసిరి. నేనట్లు భావింపను. శాంతి కావలెనని ఉభయపక్షముల నాయకులును నిశ్చయించుకొనినచోట సహాయము ఆ నిశ్చయమునకు ఊతమైనది. నిశ్చయము లేనిచోట సహాయమే వివాదవస్తువైనది. మన ధనము శాంతిని కొనజాలదు. అది చేయగల పని అంతకన్న చిన్నది, అంతకన్న ఖాయమైనది: కలహములోనున్న కుటుంబమునకు, నీ బిడ్డ చదువును, నీ ఇంటి కప్పును, నీ ఊరి ఆసుపత్రిని ఎవరు గెలిచినను ఎవరు ఓడినను మేము విడువమని చెప్పి, ఆ మాట నిలుపుకొనుట.

ఆ పనిని మన దేశము చక్కగా చేసిన సందర్భములు కలవు. వానిని పొగడుటకు గాక, వానినుండి నియమమును రాబట్టుటకై ఇచ్చట స్మరింతును.

2009 మే మాసమున శ్రీలంకలో యుద్ధము ముగిసిన పిమ్మట, 2010 జూన్‌లో భారతదేశము ఏబదివేల ఇండ్లు కట్టింతునని ప్రకటించినది. మొదటి వేయి ఇండ్లను గుత్తేదారుల ద్వారా కట్టించిరి. 2012 అక్టోబరు 2న ఆరంభమైన రెండవ దశలో ఉత్తర పూర్వ రాష్ట్రములందలి నలుబదియైదు వేల ఇండ్లకు మాత్రము పద్ధతి మార్చిరి: ఇల్లు కట్టవలసినది ఇంటివారే. వారి బ్యాంకు ఖాతాలో క్రొత్తగా కట్టు ఒక్కొక్క ఇంటికి ఐదు లక్షల ఏబదివేల శ్రీలంక రూపాయలు, గోడ లేచినకొలది విడతలుగా జమయగుచుండెను; తాపీమేస్త్రీని ఎన్నుకొనుట, ఇటుక కొనుట, వాకిలి ఏ దిక్కున పెట్టుకొనవలెనో నిర్ణయించుకొనుట వారి ఇష్టము. భర్తను కోల్పోయిన స్త్రీ, పరుల దయమీద శిబిరమున వరుసలో నిలబడి అన్నము పుచ్చుకొనిన స్త్రీ, మేస్త్రీతో బేరమాడి, సిమెంటు బస్తాలు లెక్కపెట్టి, పని నచ్చకపోయినచో మరల కట్టుమని చెప్పగలిగినది. ఆ ఇంటిలో ఆమె సంపాదించుకొనినది కేవలము ఐదువందల ఏబది చదరపు అడుగుల నివాసము కాదు. యుద్ధము హరించిన గృహస్వామిత్వమును తిరిగి సంపాదించుకొనినది. లోపములు లేవని నేననను. ధరలు పెరిగి ఇచ్చిన సొమ్ము చాలక అప్పులపాలైన కుటుంబములు కలవు. పని దొరకని చోట ఇల్లు మాత్రము ఇచ్చి జీవనోపాధి ఈయకుండుట అసంపూర్ణమైన ఉపకారము. కాని మార్గము సరియైనది.

ఇల్లు వాకిలి విడిచినవారు నిస్సహాయులై యుందురని తలచుట సహాయము చేయువారికి సామాన్యముగా కలుగు భ్రాంతి. చీరాల పేరాలవారు ఆ భ్రాంతిని నూరేండ్ల క్రిందటనే తొలగించిరి. పురపాలక సంఘమును తమపై రుద్దినందుకు నిరసనగా 1921లో వేలమంది జనులు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, రామనగరమని పేరు పెట్టుకొని, నెలల తరబడి ఎండవానల కోర్చి, రామదండు అను స్వచ్ఛందసేనతో తమ కట్టుబాట్లను తామే నడుపుకొనిరి. శిబిరమున నున్నవారికి ఆలోచనాశక్తి నశింపదు. వారిని అడుగువారు మాత్రము అరుదు.

రెండవ ఉదాహరణము తెలుగునేలతో మరింత సన్నిహితమైనది. 2005 ఆగస్టు 15న, హెల్సింకీలో సంధి కుదిరిన దినముననే, హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైనది. పల్లెలో ప్రసవవేదన పడు స్త్రీకిని, రహదారి ప్రమాదమున పడినవానికిని ఫోను చేసిన కొలదిసేపటిలో వాహనము వచ్చుట మనకు నేడు సహజమైపోయినది. ఆ అనుభవము మీ విభాగము ద్వారా సముద్రము దాటినది. భారతదేశపు ఆర్థిక సహాయముతో, హైదరాబాదుకు చెందిన అత్యవసర సేవాసంస్థ జీవీకే ఈఎంఆర్ఐ తోడ్పాటుతో, 2016 జూలైలో శ్రీలంక పశ్చిమ దక్షిణ రాష్ట్రములందు ‘1990 సువసరియ’ సేవ ఆరంభమైనది. ఆ సేవలో చేరిన సింహళ, తమిళ యువకులు హైదరాబాదు వచ్చి శిక్షణ పొందిరి. 2018 జూలైలో జాఫ్నా నగరమున ఉత్తర రాష్ట్రసేవ ప్రారంభమైనది. పిదప దీవియంతటికిని వ్యాపించినది. 2018లోనే శ్రీలంక పార్లమెంటు చట్టముచేసి సువసరియ సంస్థను స్థాపింపగా, సేవ ఆ దేశపు సొత్తైనది. ఈ కార్యమున నాకు కనబడు ఘనత వాహనముల సంఖ్యలో లేదు. ఒకప్పుడు ఫిరంగులు ఏ గ్రామముపై గురిపెట్టబడెనో ఆ గ్రామమునకు, ఏ సైనికుడు ఆ ఫిరంగి పేల్చెనో ఆతని స్వగ్రామమునకు, ఒకే అంకె నొక్కిన ఒకే వాహనము వచ్చును. రోగి భాష ఏదని వాహనము అడుగదు. ఇచ్చినవారము మనము ప్రక్కకు తొలగితిమి, సేవ నిలిచినది. సహాయమున కింతకన్న ఉత్తమమైన పరీక్ష లేదు.

ఆఫ్ఘనిస్తాను ఇందులకు కఠినమైన ప్రశ్న. అచ్చట మన దేశము 218 కిలోమీటర్ల జరంజ్-దెలారామ్ రహదారిని వేసినది. హెరాత్ సమీపమున 42 మెగావాట్ల సల్మా ఆనకట్టను పూర్తిచేసి 2016 జూన్‌లో ప్రారంభించినది. కాబూలులో పార్లమెంటు భవనమును కట్టినది. ముప్పదినాలుగు రాష్ట్రములందును చిన్న పెద్ద పనులు చేపట్టినది. అందుకు మూల్యము ప్రాణములతో చెల్లినది. ఆ రహదారి పనిలో భారతీయులును, వారికి అనేకరెట్లు ఆఫ్ఘనులును దాడులకు బలియైరి. టెలికాం పనిపై పోయిన హైదరాబాదు ఇంజనీరు ఒకరు 2006 ఏప్రిల్ మాసాంతమున జాబూల్ ప్రాంతమున అపహృతులై హతులైరి. 2008 జూలై 7న కాబూలులోని మన దౌత్యకార్యాలయముపై జరిగిన దాడిలో ఏబదిమందికి పైగా మరణించిరి.

2003లో ఆరంభమైన జాతీయ సంఘీభావ కార్యక్రమము ద్వారా ఆఫ్ఘనిస్తానులో ముప్పదివేలకు మించిన గ్రామములందు ప్రజలు తాము ఎన్నుకొనిన సంఘముల ద్వారా బావి కావలెనో, బాట కావలెనో, బడి కావలెనో నిర్ణయించుకొనిరి. అది సత్కార్యము. కాని దేశపు ప్రభుత్వవ్యయమున నాలుగింట మూడువంతులు విదేశీ సహాయముపైననే ఆధారపడియుండెను. 2021 ఆగస్టులో తాలిబానులు అధికారము చేజిక్కించుకొనగనే ఆ సహాయము ఒక్కసారిగా నిలిచిపోయెను. ఆ దేశపు కేంద్ర బ్యాంకునకు విదేశములలోనున్న నిధులు స్తంభించినవి. ఉపాధ్యాయినికి జీతము లేదు, ఆసుపత్రిలో మందు లేదు, చలికాలము ముంచుకొని వచ్చినది. స్త్రీలకు విద్యను నిషేధించు పాలనను గుర్తింపరాదన్నవారి ధర్మాగ్రహమును నేను గౌరవింతును. కాని ఆ ఆగ్రహమునకు మొదట బలియైనది ఎవరి కొరకు ఆగ్రహించితిమో ఆ స్త్రీయే. మన ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో అటారీ సరిహద్దు మీదుగా గోధుమల లారీలను ఆ దేశప్రజలకు పంపినప్పుడు, పాలకులు వేరు, ప్రజలు వేరు అను సత్యమును ఆచరణలో చూపినది. ఆ సత్యమును సందర్భానుసారముగా తలచుకొనుటగా గాక శాశ్వతనియమముగా ప్రకటింపుడని నా ప్రార్థన.

నేడే ఏల ఈ లేఖ యందురేమో. దశాబ్దులుగా ప్రపంచమున సహాయమునకు పెద్దదిక్కుగా నుండిన అమెరికా 2025 జనవరిలో తన విదేశీ సహాయమును నిలిపివేసి, ఆ యేడు జూలై నాటికి తన సహాయసంస్థయైన యూఎస్‌ఎయిడ్‌ను మూసివేసినది. బ్రిటను తన సహాయమును 2027 నాటికి జాతీయాదాయమున 0.3 శాతమునకు తగ్గింతునని ప్రకటించినది. 1970లో ఐక్యరాజ్యసమితి నిర్దేశించిన ప్రమాణము 0.7 శాతము. ప్రపంచ బ్యాంకు 2011 నివేదిక కలహపీడిత ప్రాంతములందు నూట యేబదికోట్ల మంది నివసించుచున్నారని చెప్పి, అతివేగముగా చక్కబడిన దేశమునకైనను వ్యవస్థలు కుదుటబడుటకు పదునైదునుండి ముప్పదియేండ్లు పట్టినదని హెచ్చరించినది. ముప్పదియేండ్ల పనికి మూడేండ్ల పథకములు వేయుట, ఎన్నికల ఫలితమును బట్టి వానిని రద్దుచేయుట, లోకము చేయుచున్న తప్పు. పెద్దలు తప్పుకొనుచున్న ఈ తరుణమున మనదేశము వారి ధనమునకు సాటి రాకపోవచ్చును. వారి అస్థిరత్వమునకు బదులు స్థిరత్వమును చూపగలదు.

మన ఊళ్ళలోనే దారిద్ర్య ముండగా పరదేశముల కేల యని అడుగువారు కలరు. పత్తి పండించి అప్పులపాలైన రైతు ఇంటిముందు నిలబడి ఈ ప్రశ్నకు బదులు చెప్పవలెనని నేనెరుగుదును. ఆ రైతునకు చేయవలసినది చేయకుండుటకు విదేశసహాయము కారణము కాదు, కారాదు. మొత్తము బడ్జెటులో దాని పాలు అత్యల్పము. ఇక ఋణము సంగతి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమయు, ఈ బాపట్ల తీరమును శవములతో నిండినప్పుడు, ముఖపరిచయము లేని దేశములనుండి గుడ్డలు, మందులు, గుడిసెలకు సామాను వచ్చినవి. పుచ్చుకొనిన చేతులు ఇంకను ఈ తీరమున కలవు. పొరుగు బంధము సంగతియు చూడుడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలముననే సింహళ విహారము వెలసినది. నేడు గుంటూరు మిరప సింహళుల వంటయింట ఘాటెక్కించుచున్నది. అచ్చట కొనువాడు కుప్పకూలినచో ఇచ్చట యార్డులో ధర కుప్పకూలును. పొరుగు నిలకడ మన లాభమే. ఐనను లాభమునే మూలకారణముగా చెప్పుకొను సహాయము, లాభము కనబడని దినమున ఆగిపోవును. రేవుకొరకో, ఖనిజముకొరకో, ఇతర దేశముతో పోటీకొరకో ఇచ్చునది వ్యాపారము. వ్యాపారమును వ్యాపారమని పిలిచి దానికి తగిన పద్దులో వ్రాయుడు.

కావున మీ విభాగమును నాలుగు కోరికలు కోరుచున్నాను.

మొదటిది. కలహపీడిత దేశములకు మన సహాయము ఏ నియమములపై నడచునో ఒక ప్రకటనగా పార్లమెంటు ముందుంచుడు. దానిని పుచ్చుకొను ప్రజల భాషలలోను, ఇచ్చు ప్రజల భాషలలోను, తెలుగుతో సహా, ముద్రింపుడు. ఏ దేశమునకు ఏ పనికి ఎంత ఇచ్చితిమో, ఎంత ముగిసెనో, ఏది విఫలమాయెనో ఏటేట గ్రామస్థుడు చదివి గ్రహింపగల రీతిని వెల్లడింపుడు.

రెండవది. అట్టి దేశములలో విద్య, వైద్యము, నీరు, గృహము అను నాలుగింటికి కనీసము పదియేండ్ల మాట ఇండు. అచ్చటి ప్రభుత్వము మారినను, మన ప్రభుత్వము మారినను, ఈ నాలుగు ఆగవని ముందుగనే చెప్పుడు. ప్రభుత్వమునకు ఇచ్చుట అసాధ్యమైనప్పుడు గ్రామసంఘములకును, ఆసుపత్రులకును నేరుగా చేర్చు దారిని సంక్షోభము రాకమునుపే సిద్ధము చేసికొనుడు.

మూడవది. ఏ పనియైనను మొదలిడుటకు ముందు, ఇది ఏ వర్గమును ఏ వర్గముపై నిలబెట్టును అని విచారించి, ఆ విచారణను వ్రాసి యుంచుడు. అల కూల్చిన ఇంటికిని ఫిరంగి కూల్చిన ఇంటికిని, సైనికుని వితంతువునకును తిరుగుబాటుదారుని వితంతువునకును ఒకే కొలత నుంచుడు. అవసరమెంత యన్నదే కొలత కావలెను.

నాలుగవది. గుత్తేదారునకన్న గృహస్థునకు, మన నిపుణునకన్న అచ్చటి యువకునకు మొదట అవకాశమిండు. సువసరియ మార్గమును ఆదర్శముగా గొని, ప్రతి పథకమునకును, మనము తొలగునాటికి దీనిని ఎవరు నడుపుదురు అను ప్రశ్నకు ఆరంభముననే సమాధానము వ్రాయుడు. శిక్షణకై 1964 నుండి నడచుచున్న ఐటెక్ కార్యక్రమమున కలహపీడిత దేశముల నర్సులకును, ఉపాధ్యాయులకును, జాలరి రైతు సంఘముల స్త్రీలకును ప్రత్యేకముగా స్థానములు కేటాయింపుడు. వారిని మహానగరముల సభామందిరములకే పరిమితము చేయక, పొదుపుసంఘములు నడుపుకొను ఆంధ్ర గ్రామములకును, సునామీ పిమ్మట మరల వేట మొదలిడిన రేవులకును పంపుడు.

ఈ కోరికలలో అసాధ్యమైనది ఏదియు లేదు. మీరే చేసి చూపినవానిని నియమముగా మార్చుడని మాత్రమే అడుగుచున్నాను. సత్కార్యము ఒకసారి చేయుట మంచి అధికారి గుణము. అధికారి మారినను అది ఆగకుండునట్లు చేయుట మంచి రాజ్యపు గుణము. మోటుపల్లిలో శాసనము చెక్కించిన చక్రవర్తి కాలము చెల్లినను, ఏడువందల ఎనుబది యేండ్ల తరువాత ఆ మాటను మేము చదువగలుగుచున్నాము. నాటి రాజునకు సాధ్యమైనది నేటి గణతంత్రమునకు అసాధ్యమని నేను నమ్మజాలను.

ఈ లేఖ బహిరంగముగా వ్రాసితిని గనుక మీ ప్రత్యుత్తరమును బహిరంగముగానే కోరుచున్నాను. ఈ నాలుగింటిలో వేనిని అంగీకరింతురో చెప్పుడు, ఎన్నటికి అమలు పెట్టుదురో చెప్పుడు. వేనిని అంగీకరింపరో, ఎందుచేత అంగీకరింపరో అదియు చెప్పుడు. పన్ను చెల్లించు మాకును, సహాయమునకై ఎదురుచూచు వారికిని సమాధానము ఇచ్చుట మీ విధి.

ఇట్లు,
మీ దేశపౌరుడు,
వాడరేవు వాసి.